పెద్ద వయసు పిల్లికి మీ ఇంట్లో చోటుందా?



పిల్లిని పెంచుకుందామంటే పిల్లలు కూననే అడుగుతారు. ఇంట్లో పెరిగే పిల్లి పదిహేనేళ్ల దాకా బతకగలదు. మీ ఆరో తరగతి పాప ఇంటర్ చదవడానికి హాస్టల్‌కు వెళ్లాక దాన్ని చూసేదెవరు? పదేళ్లు దాటిన పిల్లికి అల్లరి తక్కువ, స్వభావం ముందే తెలుస్తుంది. 1992లో మొదలైన హైదరాబాద్ బ్లూ క్రాస్ వంటి సంస్థలు జంతువులను దత్తత ఇస్తాయి.

కొత్తలో ఒక్క గదిలోనే ఉంచండి. సిరిసిల్లలో మరమగ్గాల పక్కనే ఇల్లయితే చప్పుడు తక్కువుండే మూల చూడండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, నీళ్లే పెట్టండి. రేబిస్ టీకా వేయించండి. అతిగా నీళ్లు తాగుతూ చిక్కిపోతుంటే కిడ్నీ జబ్బు కావచ్చు, పశువైద్యుడికి చూపించండి.

అది కొన్నేళ్లే ఉంటుందని పిల్లలకు ముందే చెప్పండి. తెచ్చాక అకారణంగా వీధిలో వదిలేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం నేరం.

ఈ నెల ఇంటిపని: తిండి, నీళ్లు, ఇసుక పెట్టె శుభ్రం. ఏ పని ఎవరిదో పిల్లలతో కూర్చుని రాయండి. ఏ పని పక్కనైనా పేరు లేకుంటే, పిల్లిని ఇప్పుడే తేవద్దు.