బెషే దర్జీ దుకాణం

లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్లలు కొందరు క్లారినెట్ పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల తాతలు కరీంనగర్, వరంగల్ వైపు నుంచి పని వెతుక్కుంటూ సూరత్ వచ్చిన పద్మశాలీలు. నాదీ అదే కథ. పగలు సాంచాల మీద, లగ్గాల సీజన్‌లో బ్యాండులో. ఈ పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది సిడ్నీ బెషే గురించి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 1897లో పుట్టాడు. జాజ్ తొలి రోజుల క్లారినెట్ విద్వాంసుల్లో ఇంతటివాడు అరుదు. ఆయన బతుకు చూపించి పిల్లలకు నేను చెప్పే మాటలు ఇవి.

1. చెవి ముందు. చిన్నప్పుడు అన్న క్లారినెట్ తీసి వాయిస్తూ తనంతట తానే పట్టు సాధించాడు బెషే. ఆ ఊరి పెద్దల దగ్గర కొంత నేర్చుకున్నా నొటేషన్ మాత్రం ఆయనకు ఒంటబట్టలేదు. అలాంటివాణ్ని 1919లో లండన్‌లో విని, ఎర్నెస్ట్ అన్సెర్మే అనే స్విస్ కండక్టర్ పత్రికలో ఆకాశానికెత్తుతూ రాశాడు. మా వరఘోడోలో, అదే పెళ్లికొడుకు గుర్రపు ఊరేగింపులోనూ అంతే. గుర్రం ముందు నడుస్తూ వాయించేవాడికి కాగితం చూసే వీలెక్కడిది? పెళ్లికొడుకు బావమరిది వచ్చి చెవిలో పాట పేరు చెబితే, రెండు అడుగుల్లో ఎత్తుకోవాలి. అట్లాగని చదవడం రాకపోవడం గొప్ప కాదు బిడ్డా, నేర్చుకో.

2. వినబడాలి. లండన్‌లోనే బెషే సొప్రానో శాక్సఫోన్ కొన్నాడు. ట్రంపెట్‌తో సమానంగా నిలబడే గొంతు దానిది. వాయిద్యం మారినా ఆ వణికే స్వరం మారలేదు. ఆయన రికార్డు పెడితే నాలుగు క్షణాల్లో మనిషి తెలిసిపోతాడు. డీజే బండి పక్కన నువ్వెంత గట్టిగా ఊదినా గెలవలేవు. నీదైన ఒక మలుపు ఉంటే మాత్రం జనం తల తిప్పుతారు.

3. చేతిలో ఇంకో పని ఉండనీ. ఇది మన ఊరివాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 1930ల మొదట్లో అమెరికాలో ఆర్థిక మాంద్యం. వాయించడానికి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు బెషే, ట్రంపెట్ వాయించే టామీ లాడ్నియర్ కలిసి న్యూయార్క్ హార్లెంలో ఒక దర్జీ దుకాణం తెరిచారు. బెషే బట్టలు ఇస్త్రీ చేసేవాడు, చిరుగులు బాగుచేసేవాడు. లాడ్నియర్ బూట్లకు పాలిష్ పెట్టేవాడు. పొద్దుగూకాక తోటివాళ్లు వచ్చి చేరితే దుకాణం వెనకవైపు వాయింపు మొదలయ్యేది. పారిస్‌లో పేరు మోసి వచ్చినవాడు ఇస్త్రీ పెట్టె పట్టాడు, నామోషీ అనుకోలేదు. 1939లో బ్లూ నోట్ అనే చిన్న రికార్డు కంపెనీకి ‘సమ్మర్‌టైమ్’ వాయించి ఇచ్చాడు. కంపెనీ నిలదొక్కుకుంది, ఆయన పేరు మళ్లీ మారుమోగింది.

బెషే ఊరివాడే, క్లారినెట్ వాయించే జార్జ్ లూయిస్ ఇంకా గట్టి మనిషి. ఓడరేవులో సరుకు మోసేవాడు. 1944లో అక్కడ ప్రమాదంలో ఛాతీ నలిగి మంచం పడితే, రికార్డు చేసే మిషను ఇంటికే తెచ్చారు. అట్లా పుట్టిందే ‘బర్గండీ స్ట్రీట్ బ్లూస్’. పన్నెండు గంటల షిఫ్టు అయ్యాక ఊపిరి లేదనే పిల్లలకు ఈ పాట వినిపిస్తాను. కొందరు వింటారు, కొందరు ఫోన్ చూసుకుంటారు.

4. కోపం ఇంట్లో పెట్టి రా. 1928 చివర్లో పారిస్‌లో తోటి వాద్యకారుడితో గొడవపడి బెషే తుపాకీ పేల్చాడు. దారినపోయేవాళ్లకూ తూటాలు తగిలాయి. ఏడాదికి కాస్త తక్కువగా జైల్లో ఉన్నాడు. ఇంతకంటే చెప్పను.

5. రీడును చూసుకో. క్లారినెట్ మూతికి బిగించే ఆ పలచటి రెల్లు ముక్క సూరత్ వానాకాలంలో చెమ్మ పీల్చి వంకర తిరుగుతుంది. వాయించాక తుడిచి, చదునైన అద్దం ముక్క మీద పెట్టి ఆరనివ్వు. మళ్లీ బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడుపు. పొడి రీడుతో మొదలుపెడితే మొదటి స్వరమే కీచుమంటుంది, బ్యాండు మాస్టర్ నీవైపే చూస్తాడు. చాతుర్మాసంలో లగ్గాలు ఉండవని పెట్టె మూసేయకు. వారానికి రెండుసార్లైనా తీసి ఊదు.

6. ఊరేగింపును తక్కువగా చూడకు. న్యూ ఆర్లియన్స్‌లో శవయాత్ర వెంట బ్యాండు విలంబంగా వాయిస్తూ వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తుంది. జాజ్ పెరిగింది ఆ వీధుల్లోనే. మెహఫిల్ కళాకారులు మమ్మల్ని రోడ్డు మీద వాయించేవాళ్లమని చిన్నచూపు చూస్తారు. చూడనీ. 1951లో బెషే ఫ్రాన్స్‌లోని ఆంటీబ్ ఊళ్లో పెళ్లి చేసుకుంటే వీధుల వెంట బ్యాండులతో పెద్ద ఊరేగింపు తీశారు, జనం విరగబడ్డారు. అచ్చం మన వరఘోడోనే. పెళ్లికొడుకే పెద్ద విద్వాంసుడైతే ఆ బ్యాండువాళ్లు అడ్వాన్సు అడిగారో, మొహమాటపడి ఊరుకున్నారో!