మృదంగధ్వని - సంఖ్యారూపం

ధ్వని కంటికి కనిపించదు. చెవిని తాకిన మరుక్షణమే గాలిలో కలిసిపోతుంది. అట్టి ధ్వనిని నిలిపి, విడదీసి పరిశీలించడం ఒకప్పుడు పరిశోధనశాలలకు మాత్రమే సాధ్యమైన పని. నేడు ఒక సామాన్యమైన కంప్యూటరు, పైథాన్ భాషతో కొద్దిపాటి పరిచయం ఉన్న విద్యార్థి కూడా ఆ పని చేయగలడు. (పైథాన్ అంటే ఇక్కడ కొండచిలువ కాదు. 1991లో ఈ భాషను విడుదల చేసిన గీడో వాన్ రోసమ్, ఒక బ్రిటిష్ హాస్య ప్రదర్శన పేరులోని మాటను దీనికి పెట్టారు.)

కంప్యూటరు దృష్టిలో ధ్వని అంటే సంఖ్యల వరుస. మైక్రోఫోను గాలి ఒత్తిడిలోని మార్పులను విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తును నిర్ణీత వ్యవధులలో కొలిచి సంఖ్యలుగా నమోదు చేస్తారు. కాంపాక్ట్ డిస్కులో ప్రతి చానలుకూ సెకనుకు 44,100 కొలతలుంటాయి.

ఈ సంఖ్యలతో చేయదగిన ప్రయోగాలలో మృదంగానికి సంబంధించినది మిక్కిలి రమణీయమైనది. బిగించిన చర్మం నుండి పుట్టే స్వరాల మధ్య సాధారణంగా పొందిక ఉండదు. మూలస్వరం 100 హెర్ట్జ్‌లయితే, తరువాతివి సుమారు 159, 214, 230 హెర్ట్జ్‌ల వద్ద పుడతాయి. మామూలు డోలు మోతలో శ్రుతిని పట్టుకోవడం అందుకే కష్టం. మృదంగం అలా కాదు. దాని కుడి మూత నడుమనున్న నల్లని పూత చర్మానికి బరువునిచ్చి, ఆ స్వరాలను 1, 2, 3, 4, 5 అనే నిష్పత్తికి చేరువగా తెస్తుంది. సి.వి.రామన్ ఈ విశేషాన్ని 1920లోనే లోకానికి తెలియజేశారు. ఆ పూతను కనిపెట్టిన వాద్యనిర్మాతల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

మృదంగంపై ఒక దెబ్బను రికార్డు చేసి, పైథాన్‌లోని ‘వేవ్’ మాడ్యూలుతో చదివించి, ‘నమ్‌పై’కి అప్పగిస్తే, అది ఫూరియర్ గణితపద్ధతిలో అందులోని పౌనఃపున్యాలను వేరుచేస్తుంది. ‘మ్యాట్‌ప్లాట్‌లిబ్’ వాటిని చిత్రిస్తుంది. తెరపై శిఖరాలు దాదాపు సమాన దూరాలలో నిలుస్తాయి. అదే దెబ్బ ఖాళీ రేకు డబ్బాపై వేస్తే శిఖరాలు చెల్లాచెదురవుతాయి.

విడదీసిన దానిని మరల కూర్చడం ఇంకా ఆసక్తికరం. ‘పైగేమ్’ సహాయంతో అయిదు మీటలకు 100 నుండి 500 హెర్ట్జ్‌ల వరకు అయిదు స్వరాలను కేటాయించవచ్చు. మీట నొక్కగానే స్వరం వినిపిస్తుంది, తెరపై తరంగం రూపు మారుతుంది. అయిదూ మోగుతుండగా 100 హెర్ట్జ్‌ల మీటను వదిలివేస్తే, చిత్రంలో ఆ శిఖరం మాయమవుతుంది. కాని చెవికి మునుపటి శ్రుతే వినిపిస్తుంది! మిగిలిన నాలుగు స్వరాలు కలిసిన తరంగం ఇప్పటికీ సెకనుకు 100 మార్లే పునరావృతమవుతున్నది. మెదడు ఆ ఆవృత్తినే శ్రుతిగా గ్రహిస్తుంది.

పాతకాలపు టెలిఫోను తీగలు సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల వరకు గల ధ్వనులనే మోసేవి. పురుషుల కంఠంలోని మూలస్వరం సామాన్యంగా అంతకంటె చాలా తక్కువ. అయినా దూరదేశం నుండి మాట్లాడే తండ్రి గొంతు కుమారునికి ఎప్పటివలె గంభీరంగానే వినిపించేది.