కరోకేలో ఏ పాట పాడాలి?

వాద్యాలు మాత్రమే ఉన్న ట్రాకు పెట్టుకొని మనం పాడటమే కరోకే. జపాను భాషలో ‘కర’ అంటే ఖాళీ. ‘ఓకె’ ఆర్కెస్ట్రాకు పొట్టి పేరు. 1971లో కోబే నగరంలో దైసుకె ఇనౌయె అనే వాద్యకారుడు ఇందుకోసం యంత్రాలు చేయించి అద్దెకిచ్చాడు. ఇప్పుడు ఉప్పల్‌, నాచారంలలో అద్దె గదుల్లో చదువుకునే మాబోటి వాళ్లకు ట్రాకు సెల్‌ఫోనులోనే దొరుకుతుంది.

మనవాళ్లు పాట పేరు చూస్తారే గాని తమ గొంతు చూసుకోరు. మా ఊళ్లో నాట్లేసేటప్పుడు పాట ఎత్తుకునే ఆమె అందరికీ అందే శ్రుతిలోనే ఎత్తుతుంది. ట్రాకు అలా కాదు. ఘంటసాల గారి శ్రుతికో, సుశీల గారి శ్రుతికో ముందే బిగించి ఉంటుంది. కనుక మొదట చరణంలోని పైస్వరం అందుతుందా అని చూడాలి. అందకపోతే శ్రుతి దించాలి. ఒక్కో అరస్వరానికి పౌనఃపున్యం సుమారు 6 శాతం తగ్గుతుంది; 440 హెర్ట్‌జ్‌ల స్వరం మూడు అరస్వరాలు దిగితే 370 అవుతుంది. మరీ దించితే కిందిస్వరాలు వినపడవు.

తర్వాత గమకం. జపానువారి ‘ఎంకా’ పాటల్లో ‘కోబుషి’ అనే గొంతు విరుపు మన గమకం లాంటిదే. వాటిలో కొన్నింటికి మ, ని లేని అయిదు స్వరాలే ఆధారం. అంటే మన మోహన! ‘మాయాబజార్‌’ (1957)లోని ‘లాహిరి లాహిరి’ వచ్చినవారికి ఆ స్వరాలు కొత్తవేం కావు.

వార్షికోత్సవంలో పైస్వరం అందక, నవ్వులపాలై దిగిపోయిన పల్లెటూరి కుర్రాడు మళ్లీ మైకు ముట్టడు. లోపం వాడి గొంతులో లేదు, పాట ఎంపికలో ఉంది. మిత్రులారా, నవ్వడం మాని వాడికి శ్రుతి దించి ఇవ్వండి!