బూట్‌లోడర్ దగ్గరే కూర్చోకు

చి. హర్షకు,

సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానంటూ ముందు దాని లోగో పంపావు. లోగో బాగుందిరా. ఇక పని సంగతి.

అందరూ బూట్ సెక్టర్‌తోనే మొదలుపెడతారు. పాత బయోస్ పద్ధతిలో డిస్కులోని మొదటి 512 బైట్లే మెమరీలోకి వస్తాయి, అదీ చివరి రెండు బైట్లు 55, ఏఏ అయితేనే. అందులో తెర మీద ఒక అక్షరం చూపించే కోడ్ రాయి, ఆ సంబరం నీకు దక్కాల్సిందే. అక్కడితో వదిలెయ్. 16 బిట్ల మోడ్ నుంచి పైకెక్కే తతంగమంతా ఇంటెల్ పాత ప్రోగ్రాంల కోసం ఇంకా మోస్తున్న బరువు. దాంతో కుస్తీ పట్టే చాలామంది నీరుగారిపోతారు. గ్రబ్ అనే బూట్‌లోడర్ తెచ్చి పెట్టుకుంటే అది నిన్ను నేరుగా 32 బిట్ల మోడ్‌లో దింపుతుంది. ప్రస్తుతానికి అది చాలు.

నీ లాప్‌టాప్ జోలికి పోకుండా క్యూఎము ఎమ్యులేటర్‌లో నడుపు. కెర్నల్ చేత ముందుగా సీరియల్ పోర్టుకు అక్షరాలు పంపించు, తెర పనిచేయకపోయినా అది పలుకుతుంది. ఇంటరప్ట్ టేబుల్లో తప్పు దొర్లిందంటే ఫాల్ట్ మీద ఫాల్ట్ పడి, మూడోదానికి ప్రాసెసర్ ఏమీ చెప్పకుండానే రీసెట్ అయిపోతుంది. అలాంటప్పుడు రీబూట్ కావద్దని క్యూఎముకు చెప్పి, ఇంటరప్ట్ లాగ్ తీయించు. ఎక్కడ పడిందో అందులో ఉంటుంది.

అసలు రుచి టైమర్ ఇంటరప్ట్ దగ్గరుంది. రెండు టాస్కులు పెట్టు, ఒకటి ‘ఏ’ అచ్చువేస్తూ, ఇంకోటి ‘బి’ అచ్చువేస్తూ. టైమర్ కొట్టినప్పుడల్లా నడుస్తున్నదాని రిజిస్టర్లు దాని స్టాక్ మీదే దాచి, స్టాక్ పాయింటర్ మార్చి, రెండోదాని రిజిస్టర్లు తియ్యాలి. అంతే. హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ కూడా ఇలా ఏలు, బీలు అచ్చువేసే ప్రోగ్రాంతోనే మొదలుపెట్టాడు, 1991లో లినక్స్ అయింది అదే.

చిక్కుపడితే ఎక్స్‌వీ6 తెరువు. యూనిక్స్ ఆరో వెర్షన్‌ను అనుసరించి ఎంఐటీ వాళ్లు 2006లో విద్యార్థుల కోసం రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. అందులో టాస్కు మార్చే ఫైలు ఒక్క పేజీ ఉంటుంది. ఇప్పటి వెర్షన్ రిస్క్-ఫైవ్ మీద నడుస్తుంది కాబట్టి రిజిస్టర్ల పేర్లు వేరు, ఎత్తి అతికిద్దామన్నా కుదరదు. మంచిదే.

ఏలు, బీలు వరసగా పడుతుంటే ఫోన్ చెయ్యి. పేజింగ్ అప్పుడు చెబుతాను. అన్నయ్యను అడిగానని చెప్పు.

ఇట్లు,
అత్తయ్య