చీనీ ఒలుచుకుని నువ్వూ కూర్చో

ఇంటికి చీనీకాయలు, అదే బత్తాయిలు, వచ్చాయంటే మన పని ఎట్లుంటుందో నాకు తెలీదా చెల్లీ? లింగాల నుంచో, వేంపల్లె నుంచో చుట్టాలెవరో సంచి నిండా తెచ్చి వసారాలో దించిపోతారు. ఇంక పిల్లోళ్లకు జ్యూసు, మామకు జ్యూసు, వచ్చినోళ్లకు జ్యూసు. పిండి, వడగట్టి, గ్లాసులు కడిగేసరికి మన చేతులకు వాసన తప్ప ఏమీ మిగలదు. "నాకెందుకులే, వాళ్లు తాగినారు కదా" అనుకుంటాం. ఎందుకు కాదమ్మా? కమలాపురం ఎండలో నువ్వు మాత్రం తిరగడం లేదా?

ఈసారి అట్ల కుదరదు. నీ వంతు కాయ ముందు పక్కన పెట్టు, తర్వాతే మిక్సీ తియ్యి. బోర్లు ఎండిపోయిన ఏళ్లలో మన రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలి మరీ బతికించుకున్న చెట్ల కాయలవి. వాటిని ఇంట్లో అందరూ తినాల. అందరిలో నువ్వూ ఉన్నావు.

కాయ పచ్చగా ఉంటే పుల్లగా ఉంటుందేమోనని మనకు అనుమానం. చీనీ తొక్క పసుపు తిరగాలంటే రాత్రులు బాగా చల్లబడాల. మన దగ్గర ఆ చల్లదనం తక్కువ కాబట్టి లోపల తీపి పట్టినా పైన పచ్చదనం అట్లే నిలుస్తుంది. రంగు చూడొద్దు, చేత్తో పట్టి చూడు. సైజుకు తగ్గ బరువుండి, తొక్క నున్నగా మెరుస్తుంటే రసం ఉన్నట్టే. తేలిగ్గా ఉండి తొక్క మందంగా, గరుకుగా తగిలితే వదిలెయ్యి. ఇంకో సంగతి, చీనీ మామిడి మాదిరి ఇంట్లో మాగదు. చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే. పుల్లకాయను బియ్యం డబ్బాలో దాచి ఎదురుచూడొద్దు, ఉప్పూ కారప్పొడీ అద్దుకుని తినెయ్యి. అదీ రుచే కదా?

తెచ్చిన కాయల్ని ప్లాస్టిక్ కవరులో మూట కట్టి ఉంచొద్దు. చెమ్మ పట్టి ఒకదానికి బూజు వచ్చిందంటే పక్కవాటికీ అంటుకుంటుంది. గాలి తగిలేట్టు తట్టలో పరిచి, మెత్తబడిన దాన్ని రోజూ ఏరెయ్యి. ఫ్రిజ్‌లో అయితే రెండు వారాలు నిమ్మళంగా ఉంటాయి.

ఒలవడమే పెద్ద తలనొప్పి అంటావా? నిజమే. కమలాపండు తొక్క వేలు పెడితే ఊడొస్తుంది, చీనీది కండను పట్టుకునే ఉంటుంది. ముందు కాయను కడిగి, బండ మీద అరచేత్తో నొక్కి నాలుగు సార్లు దొర్లించు. పైనా కిందా చిన్న బిళ్లలు కోసెయ్యి. కత్తి మొనతో తొక్క మందం వరకే నిలువుగా గాట్లు పెట్టి, బొటనవేలు దూర్చి ఒక్కో పట్టీ లాగు. తొనల మీద తెల్ల పొర కొంచెం మిగిలినా గీకి గీకి తియ్యొద్దు. అది పీచు, కడుపుకు మంచిదే. పిల్లోళ్లకిచ్చే తొనల్లో గింజలు మాత్రం తీసెయ్యి.

జ్యూసు పొద్దున తీసి పెడితే మధ్యాహ్నానికి చేదెక్కుతుందని బాధపడతావు కదా? అది నీ చేతి తప్పు కాదమ్మా. కాయను నలిపాక రసంలో లిమోనిన్ అనే చేదు పదార్థం మెల్లగా తయారవుతుంది. గింజలు మిక్సీలో నలిగితే చేదు ఇంకా ఎక్కువ. జ్యూసు కావాలంటే గింజలు తీసి, అప్పటికప్పుడు పిండి, వెంటనే తాగెయ్యాల. పళ్లు ఊడిపోయిన అవ్వకో, జ్వరమొచ్చి నోరు సయించని వాళ్లకో జ్యూసు ఇద్దాం. నమలగలిగిన వాళ్లంతా తొనలే తినాల. అత్తకు షుగరుంటే మరీను. గ్లాసు జ్యూసుకు మూడు నాలుగు కాయల చక్కెర పీచు లేకుండా ఒక్కసారే లోపలికి పోతుంది. కాయగా తింటే ఒకదానితో ఆగుతాం. కిడ్నీ జబ్బున్న వాళ్లు మాత్రం పొటాషియం సంగతి డాక్టరును అడిగే తినాల.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, కొంచెం మనసు పెట్టి విను. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్లు పీకడం, "ఏదో నీరసంలే" అని సర్దుకోవడం, ఇవన్నీ మనకు మామూలైపోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మనలో సగం మందికి పైనే. రాగిసంగటిలో, ఆకుకూరలో, పప్పులో ఇనుము ఉంది కానీ ఒంటికి అంత సులభంగా పట్టదు. పట్టాలంటే తోడుగా విటమిన్ సి కావాల. వంద గ్రాముల చీనీ తొనల్లో అది 40 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాములు చాలు. ఒక మంచి కాయతో ఆ లెక్క దాదాపు తీరిపోతుంది.

మరి మనమేం చేస్తున్నాం? సంగటి తిని చెయ్యి కడుక్కోగానే టీ పెట్టుకుంటాం. టీలోని వగరు ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అన్నానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పెట్టు, ఆ చోట చీనీ తిను. కడుపుతో ఉన్న చెల్లెళ్లు ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము మాత్ర టీతో మాత్రం మింగొద్దు, నిమ్మరసం నీళ్లతో వేసుకోండి.

"చీనీ తింటే జలుబు చేస్తుంది" అని ఇంట్లో పెద్దోళ్లు అంటారు. పాపం, ప్రేమతోనే అంటారు. జలుబు వైరస్ వల్ల వచ్చేది, కాయ వల్ల కాదు. ఫ్రిజ్ చల్లదనం గొంతుకు పడకపోతే అరగంట బయట పెట్టి తినండి, సరిపోతుంది. ఈ జాతి కాయల మేలు ఎప్పుడో తెలిసింది. 1747లో సాల్స్‌బరీ అనే ఓడలో జేమ్స్ లిండ్ అనే డాక్టరు, విటమిన్ సి అందక చిగుళ్లు వాచి రక్తం కారుతున్న నావికుల్లో ఇద్దరికి రోజూ రెండు నారింజలూ ఒక నిమ్మకాయా ఇచ్చాడు. ఆరు రోజులకే కాయలు అయిపోయినా, మిగతావాళ్లందరికన్నా ముందు తేరుకున్నది ఆ ఇద్దరే. అలాంటి కాయ మన ఇంట్లో తట్టనిండా ఉంటే జలుబుకు భయపడి మానుకుంటామా? కడుపులో మంట ఉన్నవాళ్లు పరగడుపున వద్దు, అన్నం తర్వాత తినండి. తిన్నాక నోరు పుక్కిలించండి. వెంటనే బ్రష్ చేస్తే పులుపుకు మెత్తబడిన పంటి పైపొర అరిగిపోతుంది.

చీనీ లేని రోజుల్లో నిమ్మకాయ ఉండనే ఉంది. చిత్రాన్నం చేసేటప్పుడు పొయ్యి మీదే రసం పిండకు, వేడికి విటమిన్ సి పోతుంది. తాలింపు అన్నంలో కలిపి, కాస్త ఆరాక పిండు. పప్పులోనూ అంతే, దించాక, తినేముందు.

ఈ పొద్దు మధ్యాహ్నం అందరికీ వడ్డించాక నువ్వు నిలబడే తినేసి గిన్నెల దగ్గరికి పోవద్దు. కాయ ఒలిచి తట్టలో పెట్టుకో, కూర్చో, తొన తొనా నమిలి తిను. పిల్లోళ్లొచ్చి అడిగితే రెండు తొనలిచ్చి, మిగతావి నువ్వే తిను. వాళ్లకు ఇంకో కాయ ఒలుద్దాంలే. టీ ఎక్కడికీ పోదు, నాలుగు గంటలకు తాగుదాం.