నాన్న వంతు: అంగన్‌వాడీ సేవల్లో తండ్రి ఏం చేయాలి?

ఈ పాఠం ఎవరి కోసం: ఆరోగ్య లక్ష్మి, బాలామృతం పొందుతున్న కుటుంబాల్లోని తండ్రుల కోసం. తల్లులు కూడా చదవండి. చదివాక ఈ పీడీఎఫ్‌ను మీ ఇంటాయన ఫోన్‌కు పంపండి.

అంగన్‌వాడీ అంటే ఆడవాళ్ల సంగతి అని చాలామంది మగవాళ్లు అనుకుంటారు. కేంద్రం గేటు దాకా బండి మీద దింపి, అట్నుంచి అటే పనికి పోతారు. కానీ అక్కడ ఇచ్చే తిండి, చెప్పే మాట ఇంట్లో అమలు కావాలంటే మీరూ తెలుసుకోవాలి. తల్లికి మీరు చేసేది సాయం కాదు, అది మీ వంతు పని.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నాం?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి ఉంది. అంటే మన వాడలో పది మంది చిన్నపిల్లలుంటే ఏడుగురికి రక్తం తక్కువ. చాలా ఇళ్లలో అందరూ తిన్నాక మిగిలిందే తల్లి తింటుంది. ఆ అలవాటును ఇంట్లో మొదట మార్చగలిగింది మీరే.

1. భార్య గర్భిణిగా ఉన్నప్పుడు

• ఆరోగ్య లక్ష్మి కింద ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు ఇస్తారు. అది ఆమె కోసం, కడుపులోని బిడ్డ కోసం. కేంద్రానికి పోయి తినే వీలు మీరు చూడండి. పెద్ద పిల్ల ఉంటే ఆ గంట ఎవరు చూసుకుంటారో ముందే మాట్లాడుకోండి.
• నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర, మొత్తం 180 రోజులు వేసుకోవాలి. కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు. మాత్ర వేసుకునే వేళ చాయ్ తాగొద్దు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మామూలే. "వేసుకున్నవా?" అని అడిగి ఊరుకోకుండా మంచినీళ్ల గ్లాసుతో మాత్ర చేతికివ్వండి.
• ఆధార్‌కు మీ ఫోన్ నంబరు లింక్ అయి ఉందా? ఈ-కేవైసీ చేసేటప్పుడు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఫోన్ మీ జేబులో ఉండి మీరు పనిలో ఉంటే, ఆమె కేంద్రం దగ్గర ఊరికే నిలబడాల్సి వస్తుంది. ఆ రోజు ఫోన్ ఎత్తి ఓటీపీ చెప్పండి. వీలైతే ఆమె ఆధార్‌కు ఆమె నంబరే లింక్ చేయించండి.

2. పుట్టినప్పటి నుంచి 6 నెలలు

తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టొద్దు, నీళ్లు కూడా వద్దు. "మా కాలంలో తేనె నాకించినం" అని ఇంట్లో పెద్దలు అంటారు. ఆ మాటకు కోడలు ఎదురు చెప్పలేదు. కొడుకుగా మీరు చెప్పండి: "అవ్వా, డాక్టరమ్మ వద్దన్నది, నేనూ విన్న." మీ ఒక్క మాటతో గొడవ ఆగుతుంది.

పాలివ్వడం తల్లే చేయాలి. మిగతావన్నీ మీరూ చేయొచ్చు: పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, స్నానం చేయించడం, రాత్రి ఏడిస్తే ఎత్తుకుని తిప్పడం. బిడ్డ తక్కువ బరువుతో పుడితే తల్లి లాగే తండ్రి కూడా బిడ్డను ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఉంచవచ్చు. ఎలా చేయాలో ఆసుపత్రిలో నర్సును అడిగి నేర్చుకోండి.

టీకాలు పుట్టిన వెంటనే, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు, 9 నెలలకు, 16-24 నెలల మధ్య వేయించాలి. తల్లీబిడ్డల కార్డులో తేదీలు చూసి మీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

3. ఏడో నెల నుంచి 3 ఏళ్లు

బాలామృతం మీ బిడ్డది. ఇంట్లో అందరికీ లడ్డూలు చేసి పంచితే బిడ్డకు మిగలదు. పాలిస్తూనే మెత్తని పప్పన్నం, గుడ్డు, నూనె కలిపిన ముద్ద పెట్టండి. రాత్రి ముద్ద మీరు తినిపించండి.

బిడ్డ మెదడు ఈ మూడేళ్లలోనే చాలా వేగంగా ఎదుగుతుంది. దానికి కావాల్సింది కొన్న బొమ్మలు కాదు, మీ మాటలు. స్నానం చేయిస్తూ కన్ను, ముక్కు, చెవి పేర్లు చెప్పండి. ఎత్తుకుని బయట తిప్పుతూ బర్రెను, బస్సును, వేపచెట్టును చూపండి. బిడ్డ "ఊ" అంటే మీరూ "ఊ" అనండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కానీ ఆ పదిహేను నిమిషాలు ఫోన్ పక్కన పెట్టాలి.

4. ఇంట్లో మాట తీరు

బిడ్డకు మాటలు రాకపోయినా అరుపు తెలుస్తుంది. తల్లి మీద చేయి లేస్తే బిడ్డ బిక్కచచ్చిపోతుంది. కోపం వస్తే బయటికెళ్లి కాసేపు నడవండి, చల్లబడ్డాక మాట్లాడండి. ఇంటి లెక్కలు, కూలి డబ్బులు, అప్పులు ఇద్దరూ కూర్చుని చూసుకోండి. తాగుడు మానాలనుకుంటే 14446కు ఫోన్ చేయండి, ఉచితం.

కాన్పు తర్వాత ఆమె రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటే, నిద్ర పట్టక ఏడుస్తుంటే, "నఖరాలు చేస్తుంది" అని తీసిపారేయొద్దు. ఏఎన్‌ఎంకు చెప్పండి, లేదా టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి.

మీ సందేహాలు

ప్రశ్న: పొద్దున పోతే రాత్రికి వస్తాను. నాకు టైమెక్కడిది?
జవాబు: రాత్రి ముద్ద, ఐరన్ మాత్ర, పది మాటలు. ఈ మూడూ ఇంటికి వచ్చాక చేసేవే.

ప్రశ్న: నేను దుబాయ్‌లో ఉన్నాను. ఏం చేయగలను?
జవాబు: వీడియో కాల్‌లో డబ్బుల ముచ్చట తర్వాత, బిడ్డను ముందు చూడండి. రోజూ ఒకే వేళకు మాట్లాడండి, పేరు పెట్టి పిలవండి, చప్పట్లు కొట్టండి. ఈ నెల బరువు ఎంత వచ్చిందో అడగండి.

ప్రశ్న: బట్టలు పిండితే, బిడ్డను ఎత్తుకుంటే వాడలో నవ్వుతారు కదా?
జవాబు: నవ్వనివ్వండి. బిడ్డకు జ్వరం వస్తే రాత్రి కూర్చునేది వాళ్లు కాదు, మీరు.

ప్రశ్న: బిడ్డ తండ్రి మాతో లేడు. మా సంగతేంటి?
జవాబు: తాత, మేనమామ, చిన్నాన్న ఎవరైనా ఈ పనులు చేయొచ్చు. బిడ్డకు కావాల్సింది రోజూ కనిపించే, ప్రేమగా పలికే మనిషి. ఆ ఇంటి తల్లిలో లోపం ఏమీ లేదు.

అంగన్‌వాడీకి మీరు ఎప్పుడు రావాలి?

పోషణ్ అభియాన్ కింద కేంద్రంలో జరిపే కార్యక్రమాల్లో సుపోషణ్ దివస్‌ను ముఖ్యంగా భర్తలకు అవగాహన కల్పించడానికే పెట్టారు. సీమంతం, అన్నప్రాసన రోజుల్లోనూ రండి. తేదీ ఎప్పుడో టీచర్‌ను అడగండి. బిడ్డ బరువు తూచే రోజు మీరే ఎత్తుకుని వచ్చి, కార్డులో గీత పైకి పోతుందా, పడుతుందా చూడండి. పడితే అక్కడే అడగండి.

ఈ వారం చేయాల్సిన నాలుగు పనులు

☐ తల్లీబిడ్డల కార్డు తెరిచి తర్వాతి టీకా తేదీ చూడండి.
☐ ఒక్క రాత్రయినా బిడ్డకు ముద్ద మీరు తినిపించండి.
☐ ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని తినండి. తల్లి గిన్నెలో గుడ్డు ఉందో లేదో చూడండి.
☐ టీచర్ ఫోన్ నంబరు మీ ఫోన్‌లోనూ సేవ్ చేసుకోండి.

అవసరానికి: అంబులెన్స్ 108, మహిళా హెల్ప్‌లైన్ 181, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.