కార్ముకము – దారువిచారము

కార్ముకశబ్దమును పాణిని (5.1.103) కర్మశబ్దమునుండి సాధించెను. శతపథబ్రాహ్మణమున కృముకవృక్షము కలదు, క్రుముకమనియు రూపాంతరము. ఆ దారువుతో చేసినదే కార్ముకమని మతాంతరము. అదియే నిశ్చయమైనచో వింటి పేరే కొయ్యను తెల్పవలెను. కాని కౌటిల్యుడు ఆయుధాగారాధ్యక్షప్రకరణమున తాళ, చాప, దారు, శృంగములను చెప్పి, కార్ముక, కోదండ, ద్రూణ, ధనుస్సులను పేర్కొనెను. యథాసంఖ్యముగా అన్వయింపగా కార్ముకము తాటివిల్లగును, చాపమిచట వెదురుజాతి. కావున కావ్యమున కార్ముకమని యున్నంతమాత్రమున కొయ్యను నిర్ణయించుట సాహసము.

తాటిచేవ నల్లనిది, మిక్కిలి దట్టమైనది. అయినను వింటికి గట్టితనమొక్కటియే చాలదు. వంగినది మరల నిక్కవలెను. ధన్వనము (తెలుగున చరచి) అట్టిది. నిఘంటువులు దానిని ధనుర్వృక్షమనినవి. అగ్నిపురాణమో, శరత్తున కొట్టిన వెదురునే శ్రేష్ఠమనినది.